వేలంలో ఆఫ్రికా బొమ్మలు కొన్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి (ఇబేజీ జంట)

లెస్టర్_లలిత
ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి వేలంశాల కేటలాగ్‌లో యొరుబా ఇబేజీ జంట కనబడింది (నైజీరియా యొరుబావాళ్లు చనిపోయిన కవలల గుర్తుగా చెక్కించుకునే చెక్కబొమ్మలు). ఎస్టిమేట్ 300 నుంచి 500 పౌండ్లు. ఎక్కడిది, ఎవరిది అన్న చోట "ప్రైవేట్ కలెక్షన్, ఇంగ్లండ్" అని రాసి ఊరుకున్నారు. అసలువో కాదో ఎలా చూడాలి, అన్నీ కలిపి ఎంత పడుతుంది, తర్వాత హైదరాబాద్ తీసుకెళ్తే కస్టమ్స్‌లో ఏమైనా గొడవా? మా ఆయన ఇప్పటికే "చనిపోయిన పిల్లల బొమ్మలు ఇంట్లో ఎందుకు" అంటున్నారు, ఆ సలహా మాత్రం వద్దు.

జోబర్గ్_బాబాయ్
అమ్మా లలితా, ముందు డబ్బు సంగతి విను. సుత్తి కొట్టిన ధర చూసి నీది అనుకోకు. 400కి పడిందనుకో, 25 శాతం బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాడి దగ్గర వేలంశాల తీసుకునే కమీషన్, 100, ఆ వంద మీద వ్యాట్ 20, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాడితే ఆ సైట్‌వాడికి ఇంకో 5 శాతం, దానిమీద మళ్లీ వ్యాట్. 544 అయింది కదా, ఇంకా ప్యాకింగ్ మొదలుకాలేదు. నాకు ఒక వేలంశాలవాడు కాంగో పెండే జాతి ముసుగు ప్యాకింగ్‌కు ముసుగు ఖరీదులో సగం బిల్లు వేశాడు, అదీ చెవి విరిగి వచ్చింది, ఫోన్ చేస్తే "మా కొరియర్ కాదండీ" అన్నాడు. ఇంతకీ ఆ చెవి నేనే అంటించుకున్నా, ఏ జిగురు వాడాలో ఎవరికైనా కావాలంటే చెప్తా.

మ్పింగో_రాజు
దార్ ఎస్ సలామ్‌లో కలప వ్యాపారం మాది. చెక్క చేతికిస్తే కళ్లు మూసుకుని చెప్తాను. మ్వెంగే మార్కెట్లో మకొండె జాతివాళ్ల బొమ్మలు అమ్ముతారు చూడండి, అన్నీ మ్పింగో (నల్లటి గట్టి చెక్క) కర్ర అంటారు, సగం ఏదో తెల్లచెక్కకు బూట్ పాలిష్ పట్టించినవే. అసలు మ్పింగో నీళ్లలో మునుగుతుంది, నల్లది చేవ మాత్రమే, చుట్టూ ఉండే చెక్క పసుపు తెలుపు కలిసినట్టు ఉంటుంది, మంచి శిల్పి ఆ పసుపు అంచును కూడా వాడుకుంటాడు. అడుగున గోటితో గీకి చూడండి. పాతదైతే మెరుపు లోపల్నుంచి వస్తుంది, అంతే, ఇంకేం అక్కర్లేదు.

హూస్టన్_హరి
రాజు గారూ, ఆవిడ అడిగింది నైజీరియా ఇబేజీ గురించి, మీరు టాంజానియా మకొండె చెప్తున్నారు. పైగా "మెరుపు లోపల్నుంచి" ఏంటండీ. కామెరూన్‌లో ఫుంబాన్ అనే ఊరుంది, అక్కడ తరాలుగా పనివాళ్లు పాత నమూనాలకు కాపీలు చేస్తారు. మసి పడతారు, నూనె పూస్తారు, మట్టిలో పూడ్చిపెడతారు, చెదలకు వదిలేస్తారు. మీరనే మెరుపు వాళ్లు కొన్ని నెలల్లో తెప్పిస్తారు.

మ్పింగో_రాజు
ఫుంబాన్ పేరు నెట్‌లో చదివి వచ్చి నాకు పాఠం చెప్పకు తమ్ముడూ. అంత అనుమానమైతే కార్బన్ డేటింగ్ చేయించుకోండి.

హూస్టన్_హరి
చేయించండి. 17వ శతాబ్దం మధ్య నుంచి 20వ శతాబ్దం మధ్య దాకా ఉన్న చెక్కకు కార్బన్ పరీక్ష సూటిగా ఒక తేదీ ఇవ్వదు, రెండు మూడు కాలాలు చూపిస్తుంది. ఇబేజీలు దాదాపు అన్నీ ఆ కాలంవే. అది కూడా చెట్టు వయసు, చెక్కిన రోజు కాదు. పాత ఇంటి దూలం తెచ్చి నిన్న చెక్కినా పరీక్ష పాతదే అంటుంది. 400 పౌండ్ల బొమ్మకు అంతకు మించి ఖర్చు పెట్టి ఈ జవాబు తెచ్చుకోవాలా?

మ్పింగో_రాజు
మరి ఫ్రాన్స్‌లో వేలానికి వచ్చిన ఆ గాబన్ ఫాంగ్ జాతివాళ్ల ఎన్గిల్ ముసుగుకు ఎందుకు చేయించారు? పనికిరాకపోతే 42 లక్షల యూరోలు ఎవరు పోస్తారు?

హూస్టన్_హరి
అక్కడ పని చేసింది కాగితం. ముసుగు మొదట ఉన్న కుటుంబం తాత ఆఫ్రికాలో ఫ్రెంచి అధికారి, 1917 ప్రాంతంలో దాన్ని గాబన్‌లో సంపాదించాడు. ముసుగు ఎవరు ఎప్పుడు తెచ్చారో చెప్పగలిగారు కాబట్టి 2022లో మోన్‌పెలియె వేలంలో ఆ ధర. కార్బన్ పరీక్ష దానికి తోడు మాత్రమే.

వైజాగ్_వసంత
ఆగండాగండి, అది 150 యూరోలకు అమ్ముకున్న ముసలి దంపతుల ముసుగే కదా! పాత సామాన్లవాడు 150కి కొని 42 లక్షలకు అమ్మాడు, వాళ్లు కోర్టుకెళ్తే 2023 డిసెంబర్‌లో ఆలెస్ కోర్టు ముందు వాకబు చేసుకోకపోవడం మీ తప్పే అని కొట్టేసింది. నాకు ఒళ్లు మండింది. వాడు మొదట 3 లక్షలు ఇస్తానన్నాడంటేనే లోపల తెలుసని కదా అర్థం.

జోబర్గ్_బాబాయ్
వసంతా, పాత సామాన్లవాడికి తెలిసిందే వాడి పెట్టుబడి. నేను కూడా గ్యారేజ్ సేల్‌లో కొన్నప్పుడు అమ్మేవాడికి క్లాసు పీకను.

కోటి_కాలేజ్_కుర్రాడు
దంపతులు, వ్యాపారి కొట్టుకుంటున్నారు సరే, గాబన్ కూడా అదే కేసులో మా ముసుగు మాకివ్వండి అని అడిగింది, దాన్నీ కొట్టేశారు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం? 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని తగలబెట్టి ఎత్తుకెళ్లిన ఇత్తడి తలలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, మీరంతా ప్రీమియం ఎంత, జిగురు ఏది అంటున్నారు. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని ఏడ్చేవాళ్లే ఇక్కడ వేలం పాడుతున్నారు.

జోబర్గ్_బాబాయ్
బాబూ, ఇబేజీ దోచుకొచ్చిన రాజముద్ర కాదు. కవలల్లో ఒకరు పోతే తల్లి చెక్కించుకునేది. తర్వాత చాలామంది మతం మారి వాళ్లే అమ్మేశారు. అన్నీ ఒకే గాటన కట్టకు.

కోటి_కాలేజ్_కుర్రాడు
"వాళ్లే అమ్మేశారు" అని ఎవరు చెప్పారు, కొన్నవాళ్లేగా? 2020లో పారిస్ క్రిస్టీస్ వేలంశాలలో నైజీరియా ఇగ్బో జాతి విగ్రహాల జంట విషయంలోనూ ఇదే మాట. అవి బయాఫ్రా యుద్ధ (1967–70 నైజీరియా అంతర్యుద్ధం) సమయంలో దాటించినవి అని ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ చికా ఒకెకె-అగులు మొత్తుకున్నాడు, నైజీరియా ఆపమంది, అయినా 2,12,500 యూరోలకు అమ్మేశారు.

మ్పింగో_రాజు
నీ వయసెంత అసలు?

కోటి_కాలేజ్_కుర్రాడు
మీ మ్పింగో చేవకున్నంత లేదులెండి.

నిర్మల్_నాగమణి
గొడవ తర్వాత పడండి. బెనిన్ ఇత్తడి అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఆ తలలకు వాడిన ఇత్తడిలో చాలా భాగం జర్మనీ రైన్ ప్రాంతం నుంచి వచ్చిందట కదా, పోర్చుగీసు వర్తకులు కడియాల రూపంలో ఇచ్చినది? 2023లో ఒక పరిశోధనలో వచ్చింది. మా ఆదిలాబాద్ ఓజా వాళ్లు చేసే డోక్రా ఇత్తడి బొమ్మలు కూడా, మైనం బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోసే అదే పద్ధతి. నా దగ్గర ఘనా అకాన్ జాతివాళ్లు బంగారం తూచడానికి వాడిన ఇత్తడి తూకపు రాళ్లు కొన్ని ఉన్నాయి, లండన్‌లో ఒకే లాట్‌గా కొన్నా. పాతవాటిలో తూకం సరిచేయడానికి సీసం పోసినవీ, కొంచెం కొమ్ము విరగ్గొట్టినవీ ఉంటాయి. ఊరికే ముద్దుగా, పదునైన అంచులతో, పెద్దగా ఉంటే టూరిస్టు సరుకు.

హూస్టన్_హరి
ఈ చర్చలో పనికొచ్చిన మొదటి ముక్క ఇదే.

లెస్టర్_లలిత
నా ఇబేజీ సంగతి?

నిర్మల్_నాగమణి
అక్కా, ముఖం చూడు. తల్లి రోజూ కడిగి, అన్నం పెట్టి, ఎర్ర చెక్కపొడి రాసేది కాబట్టి ముక్కు, కళ్లు, పెదాలు అరిగిపోయి ఉంటాయి, వీపు అంతగా అరగదు. అన్ని వైపులా ఒకేలా అరిగితే గరుకు కాగితం పని. జుట్టులో నీలం ఉంటుంది, మొదట నీలిమందు, తర్వాత మనం తెల్లబట్టలకు పెట్టుకునే లాంటి బట్టల నీలం కూడా వాడారు, కాబట్టి నీలం కొత్తగా ఉందని తీసిపారేయకు. ఎర్రపొడి మడతల్లో గట్టిపడి ఉండాలి, గోటికి రాలిపోతే అనుమానించు. జంట అన్నంత మాత్రాన ఒకే చేతివని నమ్మకు, విడివిడిగా కొని జత కట్టి అమ్మడం మామూలే, పాదాల కింది పీట, చెవుల చెక్కడం పోల్చి చూడు. కండిషన్ రిపోర్ట్, అడుగు ఫొటోలు అడిగితే ఉచితంగానే పంపుతారు.

జోబర్గ్_బాబాయ్
హైదరాబాద్‌కు చెక్క ఒకటే అయితే బిల్లు దగ్గర పెట్టుకుని పో, సుంకం పడుతుందేమో కస్టమ్స్‌ని ముందే అడుగు. ఏనుగు దంతం, చిరుతతోలు ముక్క ఏదైనా అంటుకుని ఉంటే మాత్రం అక్కడే వదిలెయ్, దంతం ఎంత పాతదైనా మన దగ్గర రానివ్వరు.

వైజాగ్_వసంత
చెక్కలో పురుగుంటే? మా తమ్ముడు తెచ్చిన బొమ్మ కింద రోజూ సన్నటి పొడి, మా టేకు బీరువాకు పాకుతుందేమోనని టెన్షన్.

నిర్మల్_నాగమణి
పాలిథిన్ కవర్లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 20 దగ్గర డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు. తీశాక వెంటనే విప్పొద్దు, మామూలు వేడికి వచ్చేదాకా కవర్లోనే ఉంచు, లేకపోతే చెమ్మ పట్టి రంగు పోతుంది.

వైజాగ్_వసంత
ఫ్రీజర్లో మా అత్తగారు ఎండు రొయ్యలు పెట్టారు, వాసన పడుతుందా?

మ్పింగో_రాజు
రొయ్యలకా, బొమ్మకా?