ఉగాదికి పడవ దించాలా, నైరుతి గాలికి ఆగాలా?

కొత్తతెరచాప – 2021 ఏప్రిల్ 6

ముంబైలో పాత లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) ఒకటి బేరానికి వచ్చింది. స్టాండర్డ్ రిగ్ (పెద్ద సైజు తెరచాప). హల్ (పడవ ఒళ్లు) మీద రెండు చోట్ల జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పైపూత) పగిలింది. నిరుడు మార్చి నుంచి షెడ్డులోంచి బయటికి తీయలేదట. ఈ నెలాఖరులోపు హుస్సేన్ సాగర్‌లో దించాలని ఉంది. కానీ నిన్నటి నుంచి మహారాష్ట్రలో రాత్రి 8 నుంచి పొద్దున 7 దాకా కర్ఫ్యూ, శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా పూర్తి బంద్. ఇప్పుడే తెప్పించడమా, కరోనా కేసులు తగ్గేదాకా అక్కడే ఉంచడమా? కారు వెనక ట్రైలర్ తగిలించుకుని నేనే వెళ్లొస్తే?

గాలివాటం – ఏప్రిల్ 6

మీరు వెళ్లకండి. తెప్పించకండి కూడా.

వసంతం రాగానే పడవ దించాలనే తొందర చెరువులు గడ్డకట్టే దేశాల వాళ్లది. మంచు కరిగితే వాళ్లకు సీజన్ మొదలు. మన సాగర్‌కు సీజన్ తెచ్చేది నైరుతి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జులైలో పెట్టేది అందుకే కదా. ఏప్రిల్‌లో పొద్దున తెరచాప కదలదు, మధ్యాహ్నం 40 డిగ్రీలు, సాయంత్రం ఒక్కసారిగా గాలిదుమారం, దాని వెనకే ఉరుములు. చేతిలో ఆరు మీటర్ల అల్యూమినియం మాస్ట్ (తెరచాప స్తంభం). ఆ సుఖానికి మూడు రాష్ట్రాలు దాటడం ఎందుకు?

డీసీఎం_భాయ్ – ఏప్రిల్ 6

మూడు రాష్ట్రాలు అన్నడు, అది కరెక్టు. చాలామంది మర్చిపోతరు. 65వ నంబర్ హైవే మీద సోలాపూర్, ఉమర్గా దాటినంక సీదా తెలంగాణ రాదు. నడుమ బసవకళ్యాణ్, హుమ్నాబాద్, అంటే కర్ణాటక. వంద కిలోమీటర్ల లోపే గానీ, మహారాష్ట్ర నుంచి వచ్చేటోళ్లకు 72 గంటల లోపల తీసిన ఆర్టీపీసీఆర్ నెగటివ్ కాయితం అడుగుతున్నరు ఫిబ్రవరి నుంచి. ఇంకో ముచ్చట: బసవకళ్యాణ్‌ల 17న ఉపఎన్నిక ఉన్నది. ఫ్లయింగ్ స్క్వాడ్లు బండ్లు ఆపి పైసలు వెతుకుతయి. 50 వేలకు మించి నగదు ఉండి లెక్క చూపకపోతే జప్తు చేస్తరు. పడవ పైసలు బ్యాంకుల వెయ్యి, డ్రైవర్ చేతికి ఇయ్యకు.

కారు ట్రైలర్ ముచ్చట ఇడిచిపెట్టు అన్నా. లేజర్ పొడుగు 4.23 మీటర్లు, అంటే 14 అడుగుల కంటె ఒకటిన్నర ఇంచు తక్కువ. బొలెరో పికప్‌ల పట్టదు, సగం బయటికి ఏలాడుతది. 14 అడుగుల డీసీఎం లారీల ఐమూల పెడితే పడుతది, 17 అడుగులదైతే ఫికర్ లేదు. మాస్ట్ రెండు ముక్కలు గాబట్టి నడుస్తది. అదే ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే పడవ) అయితే మాస్ట్ ఒకటే ముక్క, అప్పుడు వేరే లెక్క.

రెజిన్‌డబ్బా – ఏప్రిల్ 7

గాలివాటం గారు నీటిలో దించడం గురించి చెప్పింది ఒప్పుకుంటాను. తెప్పించొద్దు అన్నదానికి మాత్రం ఒప్పుకోను. ఈ రెండూ వేరు వేరు పనులు.

పగిలిన జెల్‌కోట్ బాగుచేయడానికి పొడి గాలి కావాలి. వానలు రాకముందు మనకు మిగిలింది ఏప్రిల్, మే నెలలే. జులైలో తేమ పట్టిన హల్ మీద రెజిన్ (ఫైబర్‌ను అతికించే జిగురు) రాస్తే కింద పట్టు దొరకదు, ఆర్నెల్లకే పెచ్చు లేస్తుంది. ముంబైలో వదిలేస్తే ఇంకా నయమా? అక్కడ వాన జూన్‌లో మొదలైతే సెప్టెంబర్ దాకా వదలదు. లోపలి ఫోమ్ తడి పీల్చుకుంటుంది. కాబట్టి ఇప్పుడు తెప్పించి, మేలో మరమ్మతు చేసి, జూన్ చివర దించాలి.

ఇక దారి సంగతి. కేంద్ర హోం శాఖ మార్చి 23 ఉత్తర్వులో రాష్ట్రాల మధ్య మనుషులకూ సరుకుకూ ఆటంకం ఉండకూడదనీ, విడిగా పర్మిట్ అక్కర్లేదనీ స్పష్టంగా ఉంది. ఏప్రిల్ 30 దాకా అది అమల్లో ఉంటుంది.

గాలివాటం – ఏప్రిల్ 7

ఉత్తర్వు ఢిల్లీలో ఉంటుంది, చెక్‌పోస్టు హుమ్నాబాద్ దారిలో ఉంటుంది. రాత్రి పదింటికి అక్కడ నిలబడ్డ డ్రైవర్ ఎవరికి చదివి వినిపిస్తాడు? పైగా టీకా ఇప్పుడు 45 ఏళ్లు దాటినవాళ్లకే. ముప్పై ఏళ్ల డ్రైవర్‌ను మన సరదా కోసం ముంబై పంపడం ఏం న్యాయం?

డీసీఎం_భాయ్ – ఏప్రిల్ 7

ఇక్కడికెళ్లి ఎవరు పంపుమన్నరు? ముంబై నుంచి హైదరాబాద్‌కు రోజూ లోడ్ బండ్లు వస్తయి. వచ్చే బండ్ల జాగ మాట్లాడుకో. ఆ డ్రైవర్ పడవ ఉన్నా లేకున్నా వస్తడు. టెస్టు పైసలు నువ్వు పెట్టు, అంతే. సోమవారం పొద్దున 7కు కదిలితే ఉమర్గా దాక 500 కిలోమీటర్లు, గంటకు 40 లెక్కన పన్నెండున్నర గంటలు. ఎనిమిది లోపల మహారాష్ట్ర దాటుతడు. పుణే ఘాట్ల జామ్ అయితే మాత్రం గోవిందా. సరుకు బండికి రాత్రి ఛూట్ ఉన్నది గానీ, దాబాలు బంద్ ఉంటయి. తిండి, నీళ్లు కట్టుకొని ఎక్కాలె.

టెస్టు ఎప్పుడు ఇయ్యాలన్నది కూడ సూడు. శనివారం పొద్దున శాంపిల్ ఇస్తే ఆదివారం కాయితం రావాలె. ల్యాబ్ రెండు దినాలు తీసుకున్నదంటే 72లకెళ్లి 48 గంటలు కదలకముందే పాయె.

మాస్ట్‌స్టెప్ – ఏప్రిల్ 8

దారి గురించి ఇంత చర్చ జరిగింది, అసలు ఆ పడవ కొనదగ్గదేనా అని ఒక్కరూ అడగలేదు. వెళ్లి చూసే వీలు లేదు కాబట్టి అమ్మే ఆయనతో వీడియో కాల్‌లో ఈ పనులు చేయించండి. ఫోటోలు నమ్మొద్దు. ఫోటోలో ప్రతి లేజర్ తెల్లగానే ఉంటుంది.

మొదటిది బరువు. ఒట్టి హల్ 59 కిలోలు ఉండాలి. బాత్రూమ్ తూకం యంత్రాలు రెండు తెచ్చి ముందొకటి, వెనకొకటి పెట్టి రెండు అంకెలూ కూడమనండి. 62, 63 అయితే ఫర్వాలేదు, పాత మరమ్మతులకు అంత ఉంటుంది. 68 చూపిస్తే ఫోమ్ తడిసిందని అర్థం, బేరం వదిలేయండి.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యం, మాస్ట్ దిగే గొట్టం. అందులో నిండుగా నీళ్లు పోసి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, రాత్రంతా వదిలేయమనండి. పొద్దున గీత దగ్గరే ఉంటే సరే. వేలెడు దిగిందంటే అడుగున చిల్లు ఉన్నట్టు. మాస్ట్ అడుగున చేరిన ఇసుక తిరగలిలా గొట్టాన్ని అరగదీస్తుంది, అందుకే ఈ జబ్బు పాత లేజర్లన్నిటికీ వస్తుంది. అది చూసుకోకుండా నీటిలో దించితే, మంచి గాలిలో ఒకరోజు మాస్ట్ డెక్‌ను (పడవ పైభాగాన్ని) చీల్చుకుని పడుతుంది.

మూడోది గాలి పరీక్ష. కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే గుంట) ముందు అంచు కింద సన్నటి ఊపిరి రంధ్రం ఉంటుంది. దానికి టేపు వేసి, వెనక బంగ్ (నీళ్లు వదిలే బిరడా) తీసి అక్కడ ట్యూబు పెట్టి నోటితో ఊదాలి. డెక్, హల్ కలిసే అంచు వెంట సబ్బునీళ్లు రాస్తే కారే చోట బుడగ లేస్తుంది. నోటితోనే ఊదాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ తగిలిస్తే అతుకు విడిపోతుంది. పని అయ్యాక ఆ టేపు తీయడం మర్చిపోతే లారీలో ఎండకు లోపలి గాలి ఉబ్బి అదే నష్టం జరుగుతుంది.

మిగిలినవి త్వరగా అవుతాయి. పై మాస్ట్ ముక్కను నేల మీద దొర్లించి వంకర చూడాలి, కాలర్ (రెండు ముక్కలు కలిసే చోటి పట్టీ) రివెట్ దగ్గర తెల్ల పొడి ఉందేమో చూడాలి. స్టీలు రివెట్, అల్యూమినియం గొట్టం కలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది, మాస్ట్ విరిగేదీ అక్కడే. చుక్కాని తగిలించే బిళ్లలు చేత్తో ఊపితే కదలకూడదు. డెక్ అంతా రూపాయి బిళ్లతో తట్టించండి. టక్‌టక్ మోగాలి, డబ్‌డబ్ అంటే లోపల పట్టు వదిలింది.

కొత్తతెరచాప – ఏప్రిల్ 11

పరీక్షలు అయ్యాయి. బరువు 63. మాస్ట్ గొట్టంలో రాత్రికి నాలుగు మిల్లీమీటర్లు దిగింది. రేపు పొద్దున వచ్చే లోడ్ బండిలో చోటు దొరికింది. ఎలా కట్టించాలి?

డీసీఎం_భాయ్ – ఏప్రిల్ 11

బోర్లా పెట్టించు. కింద పాత టైర్లు రెండు, ముందు మూడో వంతుల ఒకటి, వెనక మూడో వంతుల ఒకటి. నైలాన్ తాడు కింద పాత దుప్పటి. రాట్చెట్ బెల్టు నడుమ బిగియ్యద్దు, హల్ సొట్ట పడుతది. తెరచాప మడత పెట్టకుండ చుట్టాలె. అమ్మిన కాయితం మీద హల్ నంబర్ రాయించి డ్రైవర్ కాడొకటి, ఫోన్‌లొకటి. నంబర్ ముందు కొక్కెం కింద గానీ వెనక పలక మీద గానీ ఉంటది.

రేపు ఎక్కిస్తే ఉగాది నాటికి ఇక్కడ. వచ్చేది ప్లవ నామ సంవత్సరం, ప్లవ అంటేనే పడవ. ముహూర్తం నీకోసమే పెట్టినట్టున్నది.

రెజిన్‌డబ్బా – ఏప్రిల్ 15

చేరిందంటున్నారు, సంతోషం. ఇక రెజిన్. జాగ్రత్త అంతా ఎండ గురించే. సాధారణ పాలిస్టర్ రెజిన్‌కు గట్టిపరిచే ఎమ్ఈకేపీ మామూలుగా వందకు 2 గ్రాములు. ఈ ఎండకు 1 చాలు. పొద్దున 6 నుంచి 8 లోపు, ఒక్కోసారి 200 గ్రాములకు మించకుండా కలపండి. ఎక్కువ కలిపితే డబ్బాలోనే పొగలు కక్కుతుంది. కోబాల్ట్ (రెజిన్‌ను త్వరగా గట్టిపరిచే మందు) విడిగా ఇచ్చే షాపుల్లో కొంటే ముందు దాన్ని రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే ఎమ్ఈకేపీ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుడే. కొలిచే చెంచాలు కూడా వేరుగా ఉంచండి.

మాస్ట్ గొట్టం అడుగుకు ఎనభై నంబర్ శాండ్ కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఫైబర్‌గ్లాస్ మ్యాట్ రెండు పొరలు. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్.

మాస్ట్‌స్టెప్ – ఏప్రిల్ 15

గొట్టానికి పాలిస్టర్ వద్దు. పాత హల్‌ను పట్టుకోవడంలో ఎపాక్సీకి (ఇంకో రకం రెజిన్) సాటి లేదు, అక్కడ బరువంతా ఆ అతుకు మీదే. బయటి జెల్‌కోట్‌కు మాత్రం పాలిస్టరే, ఎందుకంటే ఎపాక్సీ మీద జెల్‌కోట్ సరిగా నిలవదు. ఇంకొకటి, ఆరబెట్టకుండా రెండూ దండగే. ఇన్‌స్పెక్షన్ మూత తెరిచి వారం రోజులు టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

రెజిన్‌డబ్బా – ఏప్రిల్ 16

ఫ్యాన్ సరే. ఎపాక్సీకి మూడింతల ధర పెట్టి నాలుగు మిల్లీమీటర్ల కారుడు ఆపడం నాకైతే దుబారా. పెట్టేది మీ డబ్బు, మీ ఇష్టం.

గాలివాటం – ఏప్రిల్ 23

మంగళవారం నుంచి మనకూ రాత్రి 9 నుంచి 5 దాకా కర్ఫ్యూ. మహారాష్ట్రలో నిన్న రాత్రి నుంచి జిల్లా దాటాలన్నా అత్యవసరమై ఉండాలి. పది రోజులు ఆలస్యమైతే ఆ బండి కథ వేరేగా ఉండేది, ఆ విషయంలో డీసీఎం భాయ్ మాటే నెగ్గింది. పొద్దున పూట దించడానికి అడ్డు లేదు కదా అని ఎవరైనా అంటారని ముందే చెబుతున్నాను: రెస్క్యూ బోట్ ఔట్‌బోర్డ్ ఇంజన్ ఏడాదిగా తిప్పకపోతే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు ఒకే వైపు వంగి గట్టిపడి ఉంటాయి. స్టార్ట్ అవుతుంది, ఐదు నిమిషాల్లో వేడెక్కి ఆగుతుంది. అది మార్చకుండా ఏ పడవా నీటిలోకి దిగకూడదు. బూమ్ (తెరచాప అడుగు కర్ర) తగిలి తల పగిలితే ఈ వారం ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?

డీసీఎం_భాయ్ – ఏప్రిల్ 23

దించుడు ఇప్పట్ల వద్దు, ఒప్పుకుంట. పడవను నీళ్ల దాక తోసే ట్రాలీ చేయించేటోళ్లకు ఒక మాట: నిన్నటి నుంచి కార్ఖానలకు ఆక్సిజన్ బంద్, అంత దవాఖానలకే. వెల్డింగ్ షాపుల గ్యాస్ కటింగ్ కాదు. పైపు కటింగ్ వీల్‌తో కోపిచ్చి ఆర్క్ వెల్డింగ్ పెట్టించు, దానికి ఆక్సిజన్ అక్కర్లేదు.

కొత్తతెరచాప – మే 12

ఇవాళ్టి నుంచి పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు. గొట్టానికి ఎపాక్సీ అయింది, జెల్‌కోట్ మిగిలింది. హల్ ఇంటి ఆవరణలో ఉంది. జెల్‌కోట్ ఇప్పుడే వేయాలా, ఆపాలా?

రెజిన్‌డబ్బా – మే 12

ఇప్పుడే వేయండి, ఇంట్లోంచి కదలక్కర్లేదు. గాలి తగిలితే జెల్‌కోట్ పైపొర జిగటగానే ఉండిపోతుంది. మైనం కలిపినది దొరక్కపోతే రాసిన వెంటనే పైన పల్చటి ప్లాస్టిక్ షీటు బుడగ లేకుండా పరచండి. మర్నాడు షీటు లాగేసి 240, 400, 800 కాగితాలతో తడిపి రుద్దండి. మిగిలిన రెజిన్ ఎండలో ఉంచితే డబ్బాలోనే గడ్డకడుతుంది, ఎమ్ఈకేపీకి దూరంగా నీడలో పెట్టండి.

మాస్ట్‌స్టెప్ – మే 12

అది అయ్యాక మళ్లీ గొట్టంలో నీళ్లు పోసి గీత పెట్టండి. ఎపాక్సీ అయినా సరే, పెన్సిల్ గీత చూడకుండా నేను ఒప్పుకోను. తర్వాత బోర్లా తిప్పి, బంగ్ తీసేసి, టైర్ల మీద ఉంచండి. కవర్ హల్‌కు అంటుకోకుండా కింద రెండు కర్రలు పెట్టండి.