సమస్య: వలయు నన్న పదమె వలదు సుమ్ము

నిర్వాహకుడు:
ఈ వారం పాదం పైన ఉంది. ఒకే షరతు: ఇంగ్లీషులో ఉద్దేశాన్ని, ప్రయోజనాన్ని చెప్పే మాటల మీదే పూరించాలి. కట్నాలు, అత్తగార్లు ఈసారి సెలవులో ఉన్నారు.

అరసున్న:
వాంటెడుగను చేసె వాడని పలుకంగ
తెల్ల దొరలు దాని దెలియరయ్య
ఆను పర్పసనుడు హాయిగా నికమీద
వలయు నన్న పదమె వలదు సుమ్ము

నిర్వాహకుడు:
ఆహా! సమస్యలోని 'వలయు నన్న'ని విడదీస్తే 'కావాలి అని', అంటే 'కావాలని'! పాదం ఇచ్చేటప్పుడు నాకే తట్టలేదు. మన 'కావాలని'లో ఉన్న 'కావాలి'ని వాంట్ చేసి, దానికి '-గా' తగిలించి 'వాంటెడ్‌గా' పుట్టించాం. ఇంకాస్త చదువుకున్నవాళ్లం 'వాంటెడ్లీ' అన్నాం.

పిడకల వేట:
భావానికి వీరతాడు. కానీ రెండో పాదం 'రయ్య' అని ముగిసి మూడోది 'ఆను' అని మొదలైంది. రెండు అచ్చులు సంధి లేకుండా మిగిలి, మధ్యలో విసంధి నోరు తెరుచుకుని ఉంది. 'యాను పర్పసనుడు' అంటే సరి, యా–హా యతి కూడా చెల్లుతుంది. అరసున్న గారికి అచ్చులంటే మొదటినుంచీ అలుసే.
ఇంకోటి. దొరలకు 'వాంటెడ్' బాగానే తెలుసు, పోలీసు పోస్టర్ల మీద వేసేదే. తెలియనిది దాని తోక.

టెక్సాస్ తాత:
ఇక్కడి పిల్లలు ఆన్ పర్పస్‌ని చూసి 'ఆన్ యాక్సిడెంట్' అంటారు. పెద్దవాళ్లు 'బై యాక్సిడెంట్' అని దిద్దుతుంటారు. తోకలు తగిలించడం మన ఒక్కరి జబ్బు కాదు.
వాడుకలో తేడా కూడా చెప్పుకోవాలి. మామూలు మాటల్లో 'ఆన్ పర్పస్', కాగితం మీద 'ఇంటెన్షనల్లీ', ముందే ఆలోచించుకుని చేశాడని గట్టిగా చెప్పాలంటే 'డెలిబరేట్లీ'. 'పర్పస్‌లీ' అంటే కావాలని. 'పర్పస్‌ఫుల్లీ' అంటే పట్టుదలగా, ఏదో సాధించే వాడిలా. 'హీ బ్రోక్ ఇట్ పర్పస్‌ఫుల్లీ' అంటే గ్లాసు పగలగొట్టడం వాడి జీవితాశయం అన్నట్టు వినిపిస్తుంది.

పిడకల వేట:
నా పూరణ:

ఫరును టూకు ముందు పట్టుకు వత్తురు
కొరకు తెలుగులోన గుదురు ననుచు
చాలు టూ యొకండె సంకల్పమును దెల్ప
వలయు నన్న పదమె వలదు సుమ్ము

అరసున్న:
'ఒకండె'నా? టూ ఎప్పటినుంచి మగవాడైంది? 'టూ యొకటియె' అనండి, గణం ఏమీ చెడదు. 'పట్టుకు వత్తురు' కూడా చూశాను. పోయిన నెల నా పద్యంలో ఇలాంటి 'కు' ఒకటి కనిపిస్తే 'పట్టుకొని' అనాలంటూ పేజీ నిండా దండించినవారు వీరేనా?

పిడకల వేట:
'యొకటియె' ఒప్పుకున్నాను. 'పట్టుకు' మాత్రం ఆన్ పర్పస్.

లఘువు:
పద్యంలో సగం నిజమే ఉంది. మనిషి చేసే పనికి ఉద్దేశం చెప్పాలంటే 'టు': 'ఐ కేమ్ టు లెర్న్'. అక్కడ 'ఫర్ లెర్నింగ్' అన్నా తప్పే, మనవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి అదే. 'నేర్చుకోవడం కోసం'లోని 'కోసం' ఫర్‌ని లాక్కొస్తుంది. కానీ ఒక వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు ఫర్, దాని వెనక ఇంగ్: 'దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ బ్రెడ్'. క్రియ కాకుండా నామవాచకం వస్తే మనిషికీ ఫరే: 'ఐ వెంట్ ఫర్ మిల్క్'. కాబట్టి ఫర్‌ని ఊరినుంచి వెళ్లగొట్టకండి, టూ వాకిట్లోకి రానివ్వకపోతే చాలు.

టెక్సాస్ తాత:
వాకిట్లో కాదు, ఒకప్పుడు ఇంట్లోనే ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 'ఫర్ టు' కనిపిస్తుంది. కొన్ని మాండలికాల్లో ఇప్పటికీ ఉంది. వేట గారి పాదానికి 'ఇప్పుడు' అని ఒక మాట చేర్చుకోవాలి.

అరసున్న:
చేర్చితే గణం పోతుంది తాతగారూ, ఆయన ఒప్పుకోరు. గణం కోసం ఆయన ఏం చేస్తారో జనవరి పూరణలో చూశాం. 'విత్ ఎ వ్యూ టు' తర్వాత 'బయింగ్' రావలసిన చోట 'బై' వేశారు. అక్కడి టూ విభక్తి లాంటిది, దాని వెనక ఇంగ్ రావాలి. 'లుక్ ఫార్వర్డ్ టు' కూడా అదే జాతి.

పిడకల వేట:
జనవరి సంగతి ఇప్పుడెందుకు? ఆ పాదంలో యతి కుదిరింది కదా.

బల్ల వకీలు:
పాత కేసులు పక్కన పెట్టండి. నా దస్తావేజు:

మోటివేది యనుచు మొదట నడుగ నేల
నేరమందు వలయు నెంచు మనసె
యెందు కనుట వేరు హృద్భావ మది వేరు
వలయు నన్న పదమె వలదు సుమ్ము

రెండో పాదం చివర 'సె' తర్వాత 'యెందు' అన్నాను, గమనించండి అరసున్న గారూ.

లఘువు:
యె–హృ యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. హకారానికి అచ్చులతో మైత్రి ఉంది, ఋకారానికి ఇ, ఎలతో ఉంది. ఇక్కడితో ఆపండి.

పిడకల వేట:
యతి సరే. రెండో పాదంలో 'వలయు' అన్నది మనసుకి. నాలుగో పాదంలో 'వలయు నన్న పదమె వలదు' అంటే అదే మనసుని తీసేశారు. ముద్దాయి విడుదల! 'నేరమందు జాలు' అని మార్చండి.

బల్ల వకీలు:
మార్చాను. అయినా మనసొక్కటే చాలదు, చెయ్యి కూడా కదలాలి. మోటివ్ అంటే ఎందుకు చేశాడన్నది, ఇంటెన్షన్ అంటే ఏం జరగాలని చేశాడన్నది. కళ్లారా చూసిన సాక్షి గట్టిగా నిలబడితే మోటివ్ రుజువు కాకపోయినా కేసు నిలుస్తుంది. అంతా పరిస్థితుల సాక్ష్యమే అయితే మాత్రం మోటివ్ గొలుసులో ఒక లంకె అవుతుంది.
ఇంకో జత ఉంది: కామన్ ఇంటెన్షన్, కామన్ ఆబ్జెక్ట్. పాత శిక్షాస్మృతిలో 34, 149 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 3(5), 190. మొదటిదానికి ఇద్దరున్నా చాలు, మనసులు ముందే కలిసి ఉండాలి. రెండోదానికి అయిదుగురికి తక్కువ కాని చట్టవిరుద్ధ సమూహం కావాలి. నిఘంటువులో ఇంటెన్షన్, ఆబ్జెక్ట్ పక్కపక్క ఇళ్లే. కోర్టులో ఆ రెండిళ్ల మధ్య పెద్ద గోడ.

లఘువు:
నాదీ ఒకటి:

ఇన్నార్డ రేల యిచట టూ యుండగా
నాటు లేని చోట నవియు బరువు
నాటు పక్కనున్న నాడు పిలువవచ్చు
వలయు నన్న పదమె వలదు సుమ్ము

అరసున్న:
'ఇన్నా' రెండూ గురువులే! పేరు లఘువు, మొదటి గణంలోనే లఘువు లేదు. 'ఇన్ను నార్డ రేల' అని విడగొట్టండి.

పిడకల వేట:
గణం పోయినా విషయం మాత్రం ఈ వారం అన్నిటికన్నా గట్టిది. 'టు క్యాచ్ ద ట్రెయిన్' చాలు, 'ఇన్ ఆర్డర్' మోత. అదే రైలు తప్పకూడదు అనాలంటే ఉత్త 'నాట్ టు మిస్' నిలబడదు, 'ఇన్ ఆర్డర్ నాట్ టు' గానీ 'సో యాజ్ నాట్ టు' గానీ కావాలి. అరసున్న గారు ఒక్క గురువు దగ్గరే ఆగిపోయారు.

నిర్వాహకుడు:
మొదటి పూరణకే నా ఓటు, 'యాను' సవరణతో. వచ్చే వారానికి పాదం:
గురిని తప్పినదియె గురికి తగిలె

అరసున్న:
'గురిని దప్పి', 'గురికి దగిలె' కదా? రెండు చోట్లా సరళాదేశం ఎగిరిపోయింది. పొరపాటా, వాంటెడ్‌గానా?