రాష్ట్రానికి 3.4 శాతమే కడితే ఫ్యూటాలో (అమెరికా ఫెడరల్ నిరుద్యోగ పన్నులో) 5.4 శాతం క్రెడిట్ వస్తుందా?

ప్రశ్న:
కాలిఫోర్నియాలో మాకు నలుగురు ఉద్యోగులతో చిన్న సంస్థ ఉంది. రాష్ట్ర నిరుద్యోగ పన్ను మాకు కొత్త యజమానులకు వేసే 3.4 శాతమే పడింది. అటువంటప్పుడు ఫ్యూటా పన్ను లెక్క చూపే ఫారం 940లో, 2024 సంవత్సరానికి 5.4 శాతం క్రెడిట్ (పన్నులో తగ్గింపు) పూర్తిగా తీసుకోవచ్చా? తీసుకోవచ్చనుకున్నా, ఒక్కొక్క ఉద్యోగి మీద ఫ్యూటా పన్ను 42 డాలర్లు రావలసిన చోట పేరోల్ సాఫ్ట్‌వేర్ 105 డాలర్లు చూపిస్తోంది. రాష్ట్రానికి కట్టవలసినవన్నీ గడువులోనే కట్టాము.

మొదటి సమాధానం:
సాఫ్ట్‌వేర్ లెక్క సరైనదేనండీ. ఫ్యూటా పన్ను ప్రతి ఉద్యోగికి ఏడాదిలో చెల్లించిన మొదటి 7,000 డాలర్ల జీతం మీద 6 శాతం. రాష్ట్రానికి మీరు కట్టిన 3.4 శాతానికి మామూలు క్రెడిట్ వస్తుంది, 5.4 శాతానికి తక్కువపడిన 2 శాతాన్ని అదనపు క్రెడిట్ పేరుతో చట్టమే పూడుస్తుంది. ఉద్యోగులను తొలగించకుండా నిలుపుకొని రాష్ట్రం దగ్గర తక్కువ రేటు తెచ్చుకున్న యజమానికి, ఆ మిగులు ఫెడరల్ పన్ను కింద తిరిగి పోకూడదన్నది ఇందులోని ఆలోచన. అలా మిగిలేది 0.6 శాతం, అంటే 42 డాలర్లు.

తక్కిన 63 డాలర్లకు కారణం మీరు కాదు, మీ రాష్ట్రం. నిరుద్యోగ భృతి చెల్లించడానికి ఫెడరల్ ప్రభుత్వం నుంచి తెచ్చిన అప్పు వరుసగా రెండేళ్లు జనవరి 1 నాటికి మిగిలి ఉండి, రెండో ఏడాది నవంబరు 10లోగా కూడా తీరకపోతే, ఆ రాష్ట్రంలోని యజమానుల క్రెడిట్‌లో 0.3 శాతం కోత పడుతుంది. అప్పు తీరేదాకా అది ఏటేటా పెరుగుతుంది. కరోనా కాలపు అప్పు తీరనందున కాలిఫోర్నియాకు 2022లో 0.3, 2023లో 0.6, 2024లో 0.9 శాతం కోత పడింది. మీరు ఎంత క్రమంగా కట్టినా ఇది తప్పదు. ఈ అదనపు సొమ్ము రాష్ట్రం అప్పుకే జమ అవుతుంది కాబట్టి, అప్పు చేసింది ఒకరు, తీర్చేది మరొకరు అని ఇక్కడి వ్యాపారులు నొచ్చుకోవడంలో అన్యాయమేమీ లేదు.

రెండో సమాధానం:
గడువు విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. క్రెడిట్‌కు చూసేది రాష్ట్రపు త్రైమాసిక గడువును కాదు, ఫారం 940 గడువును, అంటే మామూలుగా జనవరి 31ని. రాష్ట్రానికి ఆలస్యంగా కట్టినా ఆ తేదీలోపు కడితే క్రెడిట్ పూర్తిగా వస్తుంది; రాష్ట్రం వేసే జరిమానా సంగతి వేరు, దానికి క్రెడిట్ రాదు. ఆ తేదీ దాటితే కట్టినదానిలో 90 శాతానికే క్రెడిట్ ఇస్తారు. మీ లెక్కలో ఒక ఉద్యోగి మీద కట్టిన 238 డాలర్లూ ఆలస్యమై ఉంటే 23.80 డాలర్లు నష్టపోయేవారు.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండీ. ఈ కోత సొమ్మును ఏడాది మధ్యలోనే జమ చేయవలసిందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అవసరం లేదండీ. కోతను నాలుగో త్రైమాసికపు బాకీగానే పరిగణిస్తారు. మీకు మొత్తం 420 డాలర్లే, 500 దాటలేదు కనుక ఫారంతో పాటే కట్టవచ్చు. ఈ కోత లెక్క చూపే షెడ్యూల్ ఎ పత్రాన్ని ఫారానికి జతచేయడం మాత్రం మరవకండి. ఈ పన్నును ఉద్యోగుల జీతాల నుంచి మినహాయించకూడదు.