అప్‌డేట్: అమ్మమ్మ ఊరికి వెళ్లొచ్చాం

మూడు నెలల కిందట అడిగాను కదా, అమ్మమ్మ వాళ్లు గదబలు (అరకు వైపు ఉండే ఒక గిరిజన తెగ), నేను పుట్టి పెరిగింది గాజువాకలో, ఆ మూలాలు ఇప్పుడెలా తెలుసుకోవాలి అని. "అరకు గిరిజన మ్యూజియం తర్వాత చూడొచ్చు, ముందు చుట్టాల దగ్గరికి వెళ్లు" అన్నారు మీలో చాలామంది. అదే చేశాను.

అమ్మను ఒప్పించడమే కష్టమైంది. చిన్నప్పుడు హాస్టల్లో ఆమె భాషను వెక్కిరించారట, అందుకే మా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అరకు దాకా, అక్కడి నుంచి ఆటో. దారంతా నాకు ఒకటే టెన్షన్. గుమ్మంలో పెద్దమ్మను చూడగానే అమ్మ నోట వాళ్ల గదబ భాష గుతోబ్ దానంతటదే వచ్చేసింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అది ముండా కుటుంబం భాష మరి, తెలుగుకు చుట్టం కాదు. (ఒల్లారి మాట్లాడే గదబలూ ఉన్నారు, వాళ్లది ద్రావిడ భాషే.)

గదబ ఆడవాళ్లు కెరంగ్ అనే మొక్క నారతో నేసుకునే చీర చూడాలని ఆశపడ్డాను. మా ఇంట్లో ఆ నేత ఇప్పుడు ఎవరికీ రాదు. అది మాత్రం బాధనిపించింది.

పెద్దమ్మ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. అవి నేను పలుకుతుంటే అమ్మ వంటింట్లోంచే నన్ను దిద్దుతోంది. చైత్రంలో అక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగకు మళ్లీ రమ్మన్నారు, సెలవు కూడా అడిగేశాను.