కూరిన ఖర్జూరాలు: చీజూ మిరియాలూ పెడితే పండు పాడైనట్టేనా?

పొయ్యిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

శనివారం రాత్రి పాతికమంది భోజనానికి వస్తున్నారు. అందరూ ఒకేసారి రారు కదా, ముందొచ్చినవాళ్లు ఉత్తచేతులతో కూర్చోకుండా ఖర్జూరాలు కూరి పెడదామని నా ఆలోచన. చాలా పని ముందురోజే అయిపోతుంది, పళ్లేలూ చెంచాలూ అక్కర్లేదు. రెండు రకాలు అనుకున్నా. ఒకదాంట్లో మేకపాల చీజ్, మిరియాల పొడి, పైన వేయించిన అక్రోటు ముక్క. రెండోదాంట్లో నారింజ తొక్క తురుము కలిపిన తియ్యటి బాదం ముద్ద కూరి, కింది సగం చాక్లెట్‌లో ముంచడం.

నాతో కలిసి వండే స్నేహితురాలు మొదటిది వినగానే ముక్కు చిట్లించింది. "ఖర్జూరమంటేనే తీపి. అందులో ఉప్పూ మిరియాలూ పెట్టి పండునీ చీజునీ రెండింటినీ పాడుచేస్తావా? తీపివే చెయ్యి, భోజనాలయ్యాక పెట్టు" అంటుంది. రెండ్రోజులుగా ఇదే వాదన. పళ్లు ఇంకా కొనలేదు. మీరు చెప్పండి, మొహమాటం వద్దు.

ఉప్పుకల్లు

మీ స్నేహితురాలి మాట తలకిందులుగా ఉందండి. మెడ్జూల్ ఖర్జూరం ఒకటి, గింజ తీశాక 24 గ్రాముల దాకా తూగుతుంది. అందులో 16 గ్రాములు చక్కెరే. నాలుగు టీచెంచాలన్నమాట. అలాంటి పండులో మళ్లీ పంచదార కలిపిన బాదం ముద్ద, దానికి చాక్లెట్ చొక్కా! భోజనానికి ముందు రెండు తిన్నవాడికి మొహం మొత్తి ఆకలి చస్తుంది. మీరు పొద్దుటినుంచి వండినవి గిన్నెల్లోనే ఉంటాయి.

ఖర్జూరంలో ఏం లేదో చూసుకోండి. పులుపు లేదు, ఉప్పు లేదు, కరకర లేదు. మేకపాల చీజ్‌లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది అక్రోటు ఇస్తుంది. పండులో లేనిదాన్నే లోపల పెట్టాలి. ఉన్నదాన్నే పెట్టేట్టయితే కూరడం దేనికి, ఉత్తదే తినెయ్యొచ్చు.

తీపిరాయుడు

ఉప్పుకల్లు గారూ, లెక్క బాగుంది కానీ నోరు లెక్కలు చూసి తినదు. కళ్లు ముందు తింటాయి. పళ్లెంలో ఖర్జూరం కనబడగానే నాలుక తీపికి సిద్ధమైపోతుంది.

ఒకసారి ఒక విందులో మసక వెలుతురులో తెల్లటి ముద్ద కూరిన ఖర్జూరం తీసుకున్నాను. బాదం ముద్ద అనుకుని నిండా నోట్లో పెట్టుకున్నా. తీరా చూస్తే అది నీలం బూజు చీజ్. ఎదురుగా ఇంటాయన నవ్వుతూ "ఎలా ఉంది?" అంటున్నాడు. ఉమ్మలేను, మింగలేను. తల మాత్రం ఊపాను. ఆ చీజ్ నిజంగా మంచిదే, విడిగా ఇస్తే ఇష్టంగా తింటాను. నేను ఎదురుచూసింది ఒకటి, వచ్చింది ఇంకోటి, అదీ బాధ.

ఇంకో సంగతి. చీజ్ నోట్లో పడ్డాక ఖర్జూరం రుచి మీకు తెలుస్తుందా? మంచి పండులో కాస్త బెల్లం పాకం వాసన, కాస్త తేనె వాసన ఉంటాయి. అవన్నీ చీజ్ కింద అణిగిపోతాయి. మంచి పండు ఏరి కొనేది ఇందుకేనా?

ఉప్పుకల్లు

>చీజ్ నోట్లో పడ్డాక ఖర్జూరం రుచి మీకు తెలుస్తుందా?

తెలియకపోతే ఎక్కువ కూరినట్టు. ఒక పండుకి నిండా అర టీచెంచా చాలు. చాలామంది గాటు విచ్చుకునిపోయేదాకా కుక్కి, పైన గోపురం కడతారు. అది ఖర్జూరం కాదు, చీజ్‌కి తొడిగిన తొడుగు. ఇక మీకు పెట్టిన నీలం బూజు చీజ్ అన్నిట్లోకీ ఘాటైనది, దాన్ని చూపించి మెత్తటి మేకపాల చీజ్‌ని కూడా కొట్టెయ్యకండి.

కందగడ్డ

కూరిన పాతికా తినేసేది పిల్లలే. కందకు లేని దురద మీకెందుకు.

పాతపుస్తకాలపురుగు

ఈ తగాదా మనతో మొదలైందని అనుకోకండి. అపిసియస్ పేరు మీద ప్రాచీన రోమన్ల వంటల పుస్తకం ఒకటి ఉంది. అందులో కూరిన ఖర్జూరాలు ఉన్నాయి. గింజ తీసి, అక్రోటు గానీ పైన్ గింజలు గానీ దంచిన మిరియాలు గానీ లోపల పెట్టి, పైన ఉప్పు అద్ది, కాగిన తేనెలో వేయించి పెట్టమంటాడు. ఉప్పు, మిరియాలు, తేనె, అన్నీ ఒక్క పండులోనే! పైగా దాన్ని చేర్చింది తీపివంటకాల్లో. అంటే స్నేహితురాలు "పాడుచేయడం" అంటున్నదాన్ని వాళ్లు మిఠాయి అనే పిలిచారు.

నేనొకసారి చేసి చూశాను. తేనె సన్నమంట మీద నురగ కట్టగానే పండ్లు వేసి, ఒక్క నిమిషం దొర్లించి తీసెయ్యాలి. అంతకన్నా ఉంచితే తేనె మాడి చేదెక్కుతుంది. వేడివేడిగా ఉన్నప్పుడు అద్భుతం. చల్లారాక పంటికి అంటుకుంటుంది, విందుకి పనికిరాదు.

బ్రిటన్‌లో ఇంకో తమాషా. ఎండు ప్లమ్ పండుకో ఖర్జూరానికో బేకన్ (ఉప్పులో ఊరిన పంది మాంసపు పలచటి ముక్క) చుట్టి కాల్చినదాన్ని "డెవిల్స్ ఆన్ హార్స్‌బ్యాక్" అంటారు. పాత పద్ధతి విందుల్లో దాన్ని తీపి తిన్నాక, చిట్టచివర ఉప్పటి వంటకంగా పెట్టేవారు. ముందు ఉప్పుది, చివర తీపిది అని మీరిద్దరూ గీసుకున్న గీతని వాళ్లు అడ్డంగా తిప్పేశారు.

తీపిరాయుడు

బాగుంది, నాకు తోడుగా వస్తారనుకుంటే ఉప్పు గారి పక్కన కూర్చున్నారు. తీపివంటకాల్లో చేర్చారన్నది మాత్రం నా ఖాతాలో వేసుకుంటున్నా.

రాత్రివంట

అందరూ తీపీ ఉప్పూ అని కొట్టుకుంటున్నారు కానీ, అసలు తప్పు పండు సైజులో ఉంది. నేను పెద్ద పెద్ద విందులకి వండుతాను, కొన్ని వందల ఖర్జూరాలు ఈ చేతులతో కూరి ఉంటాను.

మెడ్జూల్ ఒక ముద్దకి ఎక్కువ. దాన్ని కొరకాలి. కొరికితే చీజ్ పక్కలనుంచి జారి చొక్కా మీద పడుతుంది, మిగతా సగం చేతిలో పట్టుకుని ఎవరితోనూ చెయ్యి కలపలేరు. డెగ్లెట్ నూర్ అనే చిన్న రకం అయితే ఒక్కోటి 7 గ్రాములే ఉంటుంది, చక్కెర నాలుగున్నర గ్రాములు. ఒక్క గుటకకి సరి. మొహం మొత్తడం గురించి ఉప్పుకల్లు గారి గోలంతా ఇక్కడే సగం తీరిపోతుంది. పైగా ఆ రకం కండ కాస్త గట్టిది, గాటు పెడితే నిలబడుతుంది. మెడ్జూల్ బాగా మెత్తగా ఉంటే గాటు దగ్గర చిరిగి ముద్దయిపోతుంది. డెగ్లెట్ నూర్ అంటే వెలుగు ఖర్జూరమని అర్థం, ఎండకెదురుగా పట్టుకుంటే లోపల గింజ లీలగా కనిపిస్తుంది.

భోజనానికి ముందు చిన్నవి, ఉప్పటివి. చివర కాఫీతో కూర్చుని కొరుక్కుతినడానికి పెద్దవి, తీపివి. నేను చేసేది ఇంతే.

పాతపుస్తకాలపురుగు

మెడ్జూల్‌ని అంత తీసిపారేయకండి! అది మొరాకో పండు. అక్కడ బయూద్ అనే తెగులు ఖర్జూరపు చెట్లని తినేస్తున్న రోజుల్లో, 1927లో, 11 పిలకలు అమెరికా పంపారు. తెగులు వెంట రాకుండా నెవాడాలో వేరుగా ఉంచి పెంచి, ఆ తర్వాతే కాలిఫోర్నియాకి దాటించారు. అక్కడి మెడ్జూల్ తోటలకి మూలం ఆ పిలకలే. విషయం తప్పుతున్నాను, ఆపేస్తున్నా.

మూడోకన్ను

రుచి సంగతి మీరు చూసుకోండి, నేను పాడు మాటలు చెప్తాను.

గింజ తీయకుండా దొరికే పళ్లే కొనండి, తీసినవి తొందరగా ఎండిపోతాయి. నిలువుగా ఒక పక్కనే గాటు పెట్టండి, రెండో పక్క తెగకూడదు. గింజ లాగాక పండుని పుస్తకంలా తెరిచి వెలుతురులో చూడండి. లోపల నల్లటి పొడిలా గానీ గూడులా గానీ ఉంటే పురుగు, పారేయండి. ప్రతి పండునీ చూడాలి, వేళ్లతో తడిమి బాగుందనుకుంటే కుదరదు. కొన్ని పళ్లకి ముచ్చిక అంటుకునే ఉంటుంది, అదీ గిల్లెయ్యండి, పంటి కింద చెక్కముక్కలా తగులుతుంది. తొక్క మీద తెల్లటి మచ్చలు మాత్రం చాలాసార్లు చక్కెర గడ్డకట్టినవే, కాస్త వేడి తగిలితే కరిగిపోతాయి. కరగకుండా నూగులా ఉండి పులిసిన వాసన వస్తే అది బూజు.

చీజ్‌వి ఫ్రిజ్ బయట 2 గంటలు దాటనివ్వకండి. ఎండాకాలం 32 డిగ్రీలు దాటితే గంటే. ఒకేసారి అన్నీ బయట పెట్టకుండా చిన్న పళ్లేల్లో వాయిలు వాయిలుగా తెండి. కొన్ని చీజ్‌లు దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో (పాలు విరిచే పదార్థం) చేస్తారు, మాంసం ముట్టనివాళ్లు వస్తుంటే ప్యాకెట్ మీద చూసుకోండి. అక్రోటు, బాదం పడనివాళ్ల కోసం గుమ్మడి గింజలతో కొన్ని చేసి పూర్తిగా వేరే పళ్లెంలో పెట్టండి, అదే చెంచా వాడకుండా. 5 ఏళ్లలోపు పిల్లలకి గింజలు ముక్కలుగా కూడా వద్దు, మెత్తగా నూరిన ముద్దే.

ఏ పళ్లెంలో ఏముందో ఒక చీటీ రాసి గుచ్చండి. తీపిరాయుడు గారి కష్టానికి మందు కూడా అదే.

తీపిరాయుడు

చీటీ పెడితే నా అభ్యంతరం సగం పోతుంది, ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఇది: చల్లటి చీజ్ పెట్టి ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన ఖర్జూరం ఏ రుచీ లేని రబ్బరు. చల్లదనానికి పండు బిగుసుకుంటుంది, తీపీ తగ్గిపోతుంది, వాసనా పోతుంది. ఉప్పటిది పెట్టాలనే పంతముంటే వేడిగా పెట్టండి. చీజ్ కూరినవి ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ఐదారు నిమిషాలు. అప్పుడు చీజ్ కరిగి పండులో ఇంకుతుంది, రెండూ ఒకటవుతాయి. దానికైతే నేనూ చెయ్యి చాపుతాను.

ఉప్పుకల్లు

అదిగో, దారికొచ్చారు. కానీ పాతికమంది తలుపు కొడుతుంటే ఓవెన్ దగ్గర ఎవరు నిలబడతారు? 20 నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీసి పెడితే చాలు, పండు మెత్తబడుతుంది.

రాత్రివంట

ఓవెన్ దారి పడితే ఒక జాగ్రత్త. ట్రే తీయగానే ఎవరికీ ఇవ్వకండి. ఖర్జూరం లోపల పాకం అయిపోతుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది. బేకన్ చుట్టినవి 200 డిగ్రీల మీద 15 నుంచి 20 నిమిషాలు కాల్చి, రుచి చూద్దామని తొందరపడి ఒకటి నోట్లో వేసుకున్నాను. నాలుక మీద పొక్కు మూడు రోజులు ఉంది, ఆ వారమంతా ఏం వండినా ఉప్పు పక్కవాళ్లే చూశారు. 5 నిమిషాలైనా ఆరనివ్వాలి. పుల్ల గుచ్చితే వడ్డించే ముందు తీయక్కర్లేదు గానీ, పళ్లెం పక్కన ఖాళీ గిన్నె ఒకటి పెట్టండి, లేకపోతే పుల్లలన్నీ పూలకుండీలో తేలతాయి.

చాక్లెట్‌వి ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమట పట్టి జిగురవుతాయి. వాటిని చల్లటి గదిలో మూతపెట్టి ఉంచితే చాలు, లోపల బాదం ముద్దే కాబట్టి ఒక్క రాత్రికి ఏమీ కాదు.

పొయ్యిగట్టు

ఈ చర్చంతా స్నేహితురాలికి చదివి వినిపించాను. రోమన్ల సంగతి విని "వాళ్లు ఏమైనా తినేవాళ్లు" అని కొట్టిపారేసింది కానీ, చిన్న పండు మాటకి మెత్తబడింది. నిన్న రెండు రకాల పళ్లూ తెచ్చి తలా ఆరు చేసి చూశాం. చిన్నవాటిలో మేకపాల చీజ్ నేను కూరాను. సంచి మూల కత్తిరించి పిండితే చెంచా కన్నా శుభ్రంగా పడుతోంది. చీజ్ మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు కలిపా. తను ఒకటి తిని ఏమీ అనలేదు, రెండోది తీసుకుంది. తీపివి పెద్ద మెడ్జూల్‌వి, భోజనాలయ్యాకే. చాక్లెట్ కూడా తీపి తక్కువది, 70 శాతం కోకో ఉన్నది తీసుకున్నాం. బాదం ముద్దలో పంచదార మానేసి నారింజ తొక్క రెట్టింపు చేశాం. ఇది తన ఆలోచనే, ఉప్పుకల్లు గారి చక్కెర లెక్క విన్నాక.

ఒక్క అనుమానం మిగిలింది. చాక్లెట్ మీద ఉప్పు రవ్వలు చల్లితే బాగుంటుందని తనే అంటోంది (అవును, తనే!). శుక్రవారం రాత్రే చల్లేయొచ్చా?

ఉప్పుకల్లు

మిరియాలు వద్దన్నావిడేనా? చాక్లెట్ ఇంకా తడిగా ఉండగా చల్లితేనే అంటుకుంటాయి, కాబట్టి ముంచిన వెంటనే చల్లండి. చాక్లెట్‌లో తడి ఉండదు కనక రాత్రంతా ఉన్నా కరగవు. చీజ్ మీద మాత్రం ఇప్పుడే చల్లకండి, పొద్దుటికి కరిగి నీరు ఊరుతుంది. దానికి పళ్లెం బయటికి తెచ్చేటప్పుడే.

రాత్రివంట

అక్రోటు ముక్క కూడా అప్పుడే గుచ్చండి. రాత్రి గుచ్చితే మెత్తబడుతుంది.