కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ల శాతం రిపోర్టుతో కలవట్లేదు, ఎవరైనా చెప్పండి

నిద్రలేని స్కాలర్: నిన్న సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు తెల్లవారుజామున మూడు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటాలో ఆంధ్రప్రదేశ్‌లో కు.ని. ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ల శాతం తీస్తున్నాను. రిపోర్టులో 69.6 ఉంది. నాకేమో యాభై దాటి కాస్త పైన ఆగిపోతోంది. నాలుగుసార్లు మొదటినుంచి చేశా, అదే అంకె. ఫైలే పాడైందేమో? ఎల్లుండి గైడ్‌గారికి పట్టిక చూపించాలి. "రిపోర్టు చదువుకో" అని మాత్రం అనకండి, చదివాను.

లెక్కల పిచ్చోడు: ఏ రౌండు? ఏ ఫైలు? వెయిట్ వేశారా? హారంలో ఎవరున్నారు?

నిద్రలేని స్కాలర్: ఐదో రౌండే అండీ, 2019-21. ఆడవాళ్ల ఫైలు. వి005ని (ఒక్కొక్కరి జవాబుకి ఎంత బరువివ్వాలో చెప్పే కాలమ్) పది లక్షలతో భాగించి వెయిట్ వేశా. హారం అంటే... ఆంధ్రలో ఇంటర్వ్యూ ఇచ్చిన ఆడవాళ్లందరూ.

పాతకాలం మాస్టారు: అంకె కలవడం తర్వాత సంగతమ్మా. ఈ అంకె ఇలా ఎందుకుందో ఆలోచించావా? 1971 జులైలో ఎర్నాకుళంలో ఒక్క శిబిరంలో అరవై వేలకు పైగా వేసెక్టమీలు (మగవాళ్ల కు.ని. ఆపరేషన్లు) చేశారు. అంటే మగవాళ్లు ముందుకొచ్చిన రోజులూ ఉన్నాయి. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లతో మగవాళ్లు బెదిరిపోయారు, 1977లో ప్రభుత్వమూ పోయింది. ఆ తర్వాత ఏ పార్టీ కూడా మగవాడి జోలికి వెళ్లలేదు. భారమంతా ఆడదాని మీద పడింది. ఐదో రౌండులో దేశం మొత్తమ్మీద ఆడవాళ్ల ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్లవి 0.3. నీ పట్టికలో ఈ రెండో అంకె పక్కన లేకపోతే ఆ మొదటి అంకెకు అర్థమేముంది?

లెక్కల పిచ్చోడు: మాస్టారూ, ఆ అమ్మాయి అడిగింది అది కాదు. స్కాలర్‌గారూ, "అందరూ" అంటే పెళ్లికాని పదిహేనేళ్ల పిల్లలూ, భర్త పోయినవాళ్లూ హారంలోకి వచ్చేశారు. రిపోర్టులోని 69.6 ఇప్పుడు వివాహబంధంలో ఉన్న 15–49 ఏళ్లవాళ్లలో. వి502 (వివాహ స్థితి కాలమ్) దగ్గర 1 ఉన్నవాళ్లనే ఉంచి మళ్లీ తీయండి.

సర్వే అక్క: రెండో రౌండు దాకా పెళ్లయినవాళ్లనే అడిగేవారు కాబట్టి ఈ తికమక తక్కువ. ఇంకోటి చెప్తా, అంకెల్లో కనపడదు. ఇంటికి వెళ్లి అడిగితే "ఆపరేషన్ అయిపోయిందమ్మా" అంటారు. ఏ ఆపరేషన్? కాన్పుకి కడుపు కోసిందా, పిల్లలు పుట్టకుండా చేసిందా, గర్భసంచి తీసేసిందా? మూడింటికీ వాళ్లకి ఒకటే మాట. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంటే ఆ జవాబు కూడా ఆవిడే చెప్పేస్తుంది. నేను ఫీల్డులో తిరిగినప్పుడు ప్రతిసారీ విడిగా మళ్లీ అడగాల్సి వచ్చేది.

పదాల పట్టింపు: అసలు "కు.ని." అనే మాటే తప్పు. నియంత్రణ అంటే ఎవరు ఎవరిని నియంత్రిస్తున్నారు? కుటుంబ ప్రణాళిక అనండి. 1977లో శాఖ పేరే కుటుంబ సంక్షేమం అయింది.

సర్వే అక్క: పేరు మారింది, శిబిరాలు మారలేదుగా. ఊళ్లో "ప్రణాళిక చేయించుకున్నారా" అని అడిగి చూడండి, ఏం చెబుతారో.

పదాల పట్టింపు: మాటల్ని ఇలా పట్టించుకోకపోబట్టే ప్రసూతి మరణాల దగ్గర కూడా అందరూ "రేటు" అని రాసేస్తుంటారు. లక్ష సజీవ జననాలకు ఎంతమంది తల్లులు పోయారో చెప్పేది నిష్పత్తి. లక్షమంది 15–49 ఏళ్ల స్త్రీలకు ఎంతమందో చెప్పేది రేటు. ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల నమూనా నమోదు) 2018-20లో దేశానికి వచ్చిన 97 నిష్పత్తి. పిల్లలు తక్కువ పుట్టే చోట రేటు దానంతటదే తగ్గుతుంది, వైద్యం బాగుపడకపోయినా సరే. రెండూ ఒకటి కాదు.

లెక్కల పిచ్చోడు: ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ దీనికి వేరే చర్చ పెట్టుకోండి.

నిద్రలేని స్కాలర్: కలిసింది!! 69.6 వచ్చింది. కానీ ఇంకో తలనొప్పి. ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్న ప్రశ్నతో కలిపి చూద్దామంటే కేసుల్లో చాలావరకు ఖాళీగా ఉన్నాయి. అసలు నా థీసిస్ దాని మీదే. ఫైలు నిజంగానే పాడైందంటారా?

లెక్కల పిచ్చోడు: థీసిస్ దాని మీదైతే మొదట్లోనే చెప్పొద్దూ! పాడవలేదు. ఆ ప్రశ్నలు స్టేట్ మాడ్యూల్‌లోవి, అంటే కొన్ని ఇళ్లలో మాత్రమే అడిగే అదనపు ప్రశ్నల భాగం. దాదాపు 15 శాతం ఇళ్లలోనే అడిగారు. ఖాళీలను "లేదు" కింద వేస్తే పట్టికంతా తప్పవుతుంది. గృహహింస ప్రశ్నలు కూడా వాడేట్టయితే వాటికి డి005 వెయిట్ వేరే ఉంది.

పాతకాలం మాస్టారు: మగవాళ్ల ఫైలు కూడా తెరువమ్మా. గర్భనిరోధం ఆడవాళ్ల పని, మగవాడికి ఆ బెడద అక్కర్లేదు అన్నవాళ్లు ఐదో రౌండులో 35.1 శాతం. నేను ఇందాకటి నుంచి చెప్తున్నది ఇదే.

పదాల పట్టింపు: "లింగ పాత్రలు" అని మాత్రం రాయకండి. జెండర్‌కి తెలుగులో ఏ మాట వాడాలో ముందు తేల్చుకోండి.

సర్వే అక్క: జెండర్ అనే రాయండి, అందరికీ తెలుసు.

పదాల పట్టింపు: అదే కదా మన దౌర్భాగ్యం.

నిద్రలేని స్కాలర్: థాంక్స్ అండీ అందరికీ. పడుకుంటున్నా. మాస్టారూ, మగవాళ్ల ఫైల్లో వెయిట్ ఏది వేయాలి?