మూడు మందులు మార్చినా కీరాలో బూడిద తెగులు ఆగట్లేదు, ఇది రెసిస్టెన్సేనా?

కీరాతోట:
షేడ్‌నెట్ కింద కీరా వేశాను. కింది ఆకుల మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చలు కనిపించగానే అజాక్సీస్ట్రోబిన్ కొట్టాను, నాలుగు రోజులు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది. ఒకే మందు కొట్టకూడదంటారు కదా అని రెండోసారి పైరాక్లోస్ట్రోబిన్ కొడితే అసలు తేడానే లేదు. మూడోసారి ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, టెబుకొనజోల్ కలిసున్నది కొట్టాను, దీనికి కాస్త తగ్గింది గానీ ఇప్పుడు మధ్య ఆకులు కూడా పిండి చల్లినట్టు ఉన్నాయి. ప్రతిసారీ మందు మారుస్తూనే ఉన్నాను, మరి రెసిస్టెన్స్ (తెగులు మందును తట్టుకోవడం) ఎలా వస్తుంది? డోసు పెంచి చూడమని ఒకరు, మందే నకిలీ అని ఇంకొకరు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పాతనోట్‌బుక్:
అన్నా, నువ్వు మార్చింది డబ్బా. లోపలి మందు మారలేదు. అజాక్సీ, పైరాక్లో, ట్రైఫ్లాక్సీ మూడూ స్ట్రోబిలురిన్లే, ఫ్రాక్ కోడ్ (పనిచేసే తీరును బట్టి శిలీంద్రాల మందులకు ఇచ్చే గ్రూపు నంబరు) ప్రకారం మూడూ గ్రూపు 11. మూడూ శిలీంద్రంలో ఒకే చోట దెబ్బ కొడతాయి కాబట్టి ఒకదాన్ని తట్టుకున్న బూజు మిగతా రెండింటినీ తట్టుకుంటుంది. మూడోసారి కాస్త తగ్గిందంటే అది బహుశా టెబుకొనజోల్ పుణ్యం, దానిది గ్రూపు 3. నేనూ ఇలాగే ఒక సీజనంతా పోగొట్టుకున్నాను, అప్పటినుంచి నోట్‌బుక్‌లో బ్రాండు పేరు రాయడం మానేసి తేదీ, టెక్నికల్ పేరు (డబ్బా లోపలి అసలు మందు పేరు), గ్రూపు నంబరు, వారం తర్వాత ఆకు ఎలా ఉందో మాత్రమే రాస్తున్నాను. ఒకే నంబరు వరసగా రెండు లైన్లలో కనిపిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది. కొన్ని దేశాల్లో లేబుల్ మీదే ఈ నంబరు వేస్తారు, లేకపోతే ఫ్రాక్ జాబితా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

కానీ రెసిస్టెన్స్ అని తేల్చేసే ముందు ఒకసారి ఆకు తిప్పి చూడు. మచ్చలన్నీ ఆకు అడుగున, గుబురు లోపలే ఉండి, బాగా తడిసిన పై ఆకులు శుభ్రంగా ఉంటే తప్పు నాజిల్‌ది. బాగా తడిసిన ఆకు మీద కూడా కొత్త మచ్చలు వస్తుంటే అప్పుడు అనుమానించాలి.

డబుల్‌డోస్:
ఇంత చర్చ ఎందుకండీ, నేను డోసు ఒకటిన్నర రెట్లు చేశాను, తగ్గింది. లేబుల్ మీద రాసేది తక్కువే రాస్తారు.

ఆకుబిళ్ల:
డబుల్‌డోస్ గారూ, మీరు ఏ మందు పెంచారో చెప్పలేదు, అసలు సంగతంతా అందులోనే ఉంది. రెసిస్టెన్స్ రెండు రకాలు. ట్రయజోల్స్‌లో (టెబుకొనజోల్ లాంటివి) మెట్లు దిగినట్టు మెల్లగా పట్టు తగ్గుతుంది, కాబట్టి డోసు పెంచితే కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది (లేబుల్ డోసు దాటడం ఎలాగూ సరికాదు, పంట మీద అవశేషాలు మిగులుతాయి). స్ట్రోబిలురిన్లలో అలా కాదు. ఈ మందు దెబ్బకొట్టేది శిలీంద్రంలోని సైటోక్రోమ్ బి అనే ప్రోటీన్‌ను. దాని జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆ ప్రోటీన్‌లో 143వ స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం బదులు అలనీన్ వస్తుంది, దీన్నే జీ143ఏ అంటారు. ఇక రెండింతలు కాదు, పదింతలు పోసినా దానికి నీళ్లతో సమానం. ఈ మందులు 1996లో మార్కెట్లోకి వచ్చాయి, 1998కల్లా జర్మనీలో గోధుమ బూడిద తెగులు వాటికి లొంగడం మానేసింది. ఒక తమాషా ఏంటంటే కుంకుమ తెగుళ్లలో చాలావాటికి ఈ మార్పు రాలేదు. జన్యువులో సరిగ్గా ఆ చోటు పక్కనే ఒక ఇంట్రాన్ (ప్రోటీన్ తయారయ్యే ముందు కత్తిరించి తీసేయాల్సిన ముక్క) ఉంటుంది, అక్కడ అక్షరం మారితే శిలీంద్రమే బతకదు. అందుకే ఒక తెగులు అనుభవాన్ని ఇంకో తెగులుకు అంటగట్టకూడదు.

కీరాతోట గారూ, బూడిద తెగులు బతికున్న ఆకు మీద తప్ప పెరగదు, అందుకని ల్యాబులో కూడా ఆకు బిళ్లల మీదే పరీక్షిస్తారు. మోటుగా మీరూ చేయొచ్చు. తోటకు దూరంగా, ఏ మందూ పడకుండా పెంచిన కీరా మొలకల ఆకుల్ని గుండ్రంగా కత్తిరించండి. కొన్నింటిని ఉత్త నీళ్లలో, కొన్నింటిని లేబుల్ మోతాదులో కలిపిన అజాక్సీలో, కొన్నింటిని నీళ్లలో కలిసే గంధకం పొడి (వెటబుల్ సల్ఫర్) కలిపిన నీళ్లలో, గ్లౌజులు వేసుకుని ముంచి ఆరబెట్టండి. తడి టిష్యూ పరిచిన మూత డబ్బాల్లో పైభాగం పైకి ఉండేలా, ఏ మందుకు ఆ డబ్బా విడిగా పెట్టి, తోటలోని తెగులు ఆకు మీది పిండిని మెత్తని బ్రష్‌తో వాటి మీద రాల్చి ఎండ తగలని వెలుతురులో ఉంచండి. వారం, పది రోజుల్లో తెలుస్తుంది. నీళ్ల బిళ్లల మీద తెగులు రాకపోతే మాత్రం పరీక్షే చెల్లదు. ఇది అంచనా వరకే, జన్యువులో మార్పు ఉందో లేదో ఖాయంగా చెప్పేది ల్యాబులో చేసే పీసీఆర్ అనే జన్యు పరీక్ష.

కీరాతోట:
పదకొండు రోజులకు డబ్బాలు తీశాను. నీళ్ల బిళ్లలు తెల్లగా, అజాక్సీ బిళ్లలు కూడా అంతే తెల్లగా, పక్కపక్కన పెడితే ఏది ఏదో నేనే గుర్తుపట్టలేకపోయాను. గంధకం బిళ్లల మీద మాత్రం ఏమీ లేదు. ఇప్పుడు స్ట్రోబిలురిన్‌లో మాంకోజెబ్ కలిపి కొడితే సరిపోతుందా?

ఆకుబిళ్ల:
సరిపోదు. మాంకోజెబ్ పాతబడ్డా రెసిస్టెన్స్ రాని మందే, కానీ బూడిద తెగులు మీద దాని పని అంతంతే. కలిపే మందు ఆ తెగులును ఒంటరిగా కూడా ఆపగలగాలి, లేకపోతే కలిపినా కలపనట్టే. ఈ పంటకు గ్రూపు 11ను పూర్తిగా పక్కన పెట్టండి. తెగులు మరీ ముదిరాక కొట్టినా ఫలితం తక్కువే, మిగిలిన కోట్ల బీజాల్లో తట్టుకునేదాన్ని మనమే ఏరి పెంచినట్టవుతుంది. మొదటి మచ్చకే గంధకం, తర్వాత మీ పంటకు అనుమతి ఉన్న వేరే గ్రూపు, ట్రయజోల్ అయితే వరసగా రెండుసార్లు వద్దు.

పాతనోట్‌బుక్:
గంధకం మండుటెండలో కొట్టకు అన్నా, కీరా ఆకు మాడుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కొట్టు. పాత తీగలు పీకి పారేశాకే కొత్త నారు లోపలికి తే, పక్కపక్కనే ఉంటే ఇదే బూజు రేపు దాని మీదికి ఎగురుతుంది.

కీరాతోట:
కొత్త నారు నిన్ననే లోపల పెట్టేశాను అన్నా. ఇవాళ సాయంత్రమే బయటికి తీసేస్తాను.